చెరువు గట్టు మీది పరికరం ఇంకా పలుకుతోందో లేదో సర్వర్ కనిపెట్టడం ఎలా: అంచెలవారీ మార్గదర్శి

భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల చెరువులకు ఆక్సిజన్ సెన్సార్లు, ఏరేటర్ (నీటిలోకి గాలి కలిపే మోటారు) కంట్రోలర్లు అమర్చే మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "సర్వర్‌లో పరికరం పచ్చగానే కనిపిస్తోంది, గట్టు మీదికి వెళ్లి చూస్తే ఎప్పుడో ఆగిపోయి ఉంది. ఎందుకిలా అవుతుందండీ?" మరికొందరిది దీనికి ఎదురు కష్టం. పరికరం నిక్షేపంగా ఉంటుంది, అర్ధరాత్రి రైతు ఫోనుకు మాత్రం ఆగిపోయిందని కబురు వెళుతుంది. ఆయన లేచి, వర్షంలో బండి మీద చెరువుకు వెళ్లి, ఏమీ కాలేదని చూసుకుని తిరిగి వస్తారు. ఇలా నాలుగుసార్లు జరిగితే అయిదోసారి ఫోను ఎత్తరు. నిజంగా ఏరేటర్లు ఆగేది ఆ రాత్రే కావచ్చు.

రెండు కష్టాలకూ మూలం ఒకటే. అవతలి యంత్రం ఈ క్షణాన పని చేస్తోందా అన్నది సర్వర్‌కు నేరుగా ఎన్నడూ తెలియదు; అది చివరిసారి ఎప్పుడు పలికిందో మాత్రమే తెలుస్తుంది. చీకట్లో కథ చెబుతున్న నాయనమ్మకు మనవడు ఊ కొట్టడమే గుర్తు. ఆ ఊ ఆగిపోతే వాడు నిద్రపోయాడో, ఆలోచనలో పడ్డాడో ఆమెకు వెంటనే తెలియదు కనుక మరో రెండు మాటలు చెప్పి చూసి, అప్పుడు పేరు పెట్టి పిలుస్తుంది. సర్వర్ చేయవలసిన పని అచ్చంగా ఇదే, కాకపోతే వందల చెరువులకు ఒకేసారి చేయాలి.

1. పనికి ముందు వేసుకోవలసిన లెక్క

గడువు ఎన్ని సెకన్లు పెట్టాలన్నది కోడ్ రాయడం మొదలుపెట్టాక తేల్చే విషయం కాదు. ముందుగా రైతుతో కూర్చుని, పరికరం పలకడం మానేసిన సంగతి ఎంత ఆలస్యంగా తెలిస్తే నష్టం మొదలవుతుందో అడగండి.

రొయ్యల చెరువులో ఈ లెక్కను తెల్లవారుజాముకు వేయాలి. చీకటి పడ్డాక నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా ఉన్నదాన్ని అది కూడా వాడుకుంటుంది. అందువల్ల కరిగిన ఆక్సిజన్ తెల్లవారకముందు అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే ఎంత వ్యవధి ఉంటుందన్నది ఎకరానికి ఎన్ని రొయ్య పిల్లలు వదిలారు, రొయ్య ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) వచ్చింది, నీటి లోతు ఎంత అన్నవాటిని బట్టి మారుతుంది. ఆ అంకె రైతు నోటి నుంచే రావాలి.

ఉదాహరణకు, ఏరేటర్లు ఆగిన 40 నిమిషాల లోపు జనరేటర్ తిరగాలని రైతు చెప్పారనుకుందాం. ఇంటి నుంచి చెరువుకు 20 నిమిషాలు, జనరేటర్ వేసి స్టార్టర్లు ఎత్తడానికి 5 నిమిషాలు, ఫోను మోగి ఆయన లేవడానికి 5 నిమిషాలు పోతే, సర్వర్‌కు మిగిలేవి 10 నిమిషాలు. అందులో సగం జాగ్రత్తకు వదిలేస్తే కనిపెట్టే గడువు 5 నిమిషాలు, అంటే 300 సెకన్లు. ఇక్కడి నుంచి ప్రతి అంకెనూ ఈ 300తోనే సరిచూసుకుంటాము.

కాగితం మీద రాసుకోవలసినవి:

- ఈ చెరువుకు కనిపెట్టే గడువు ఎంత? పగటికీ రాత్రికీ వేరువేరుగా ఉండాలా?
- పరికరానికీ సర్వర్‌కూ మధ్య దారిలో ఏమేమి ఉన్నాయి? సిమ్, మొబైల్ కంపెనీ నెట్‌వర్క్, రివర్స్ ప్రాక్సీ (సర్వర్ ముందు నిలిచి మాటలు అందించే మధ్యవర్తి), లోడ్ బ్యాలన్సర్ (పనిని సర్వర్ల మధ్య పంచేది) అన్నీ లెక్కలోకి వస్తాయి.
- పరికరం ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైను) మీద, ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉంది?
- కరెంటు పోయినా పరికరం కాసేపు నడవడానికి బ్యాటరీ ఉందా?
- కబురు ఎవరికి వెళ్లాలి, వారు ఎత్తకపోతే తరువాత ఎవరికి?

2. మౌనం ఎన్ని విధాలుగా వస్తుందో తెలుసుకోండి

కనెక్షన్ తెగితే సాకెట్ (ప్రోగ్రామ్ చేతిలో ఉండే కనెక్షన్ కొస) చెబుతుంది కదా అన్న నమ్మకం చాలా నష్టం చేస్తుంది. కొన్ని సందర్భాల్లో అది చెప్పే మాట నిజమే. ఏ సందర్భంలో చెబుతుందో, ఏ సందర్భంలో చెప్పదో విడివిడిగా చూడాలి.

మొదటిది, చెప్పి వెళ్లడం. పరికరం కనెక్షన్‌ను తానే మూసేస్తే టీసీపీ (రెండు యంత్రాల మధ్య మాటలు చేరవేసే నెట్‌వర్క్ పద్ధతి) ఫిన్ అనే ముగింపు ప్యాకెట్ పంపుతుంది, సర్వర్‌కు వెంటనే తెలుస్తుంది. ఇందులో చిక్కేమీ లేదు.

రెండవది, ప్రోగ్రామ్ కూలిపోవడం. పరికరంలో లైనక్స్ ఉంటే, ప్రోగ్రామ్ చచ్చినా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) బతికే ఉంటుంది కనుక దాని సాకెట్లను మూసి సర్వర్‌కు ఫిన్ గానీ రీసెట్ (హఠాత్తుగా తెంచే ప్యాకెట్) గానీ పంపుతుంది. చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుల సంగతి వేరు: అవి కూలితే మొత్తం బోర్డే మళ్లీ మొదలవుతుంది, పాత కనెక్షన్‌కు వీడ్కోలు చెప్పకుండానే కొత్త కనెక్షన్ తెరుస్తుంది. సర్వర్‌లో ఒకే పరికరానికి రెండు కనెక్షన్లు కనిపిస్తాయి. దీన్ని 6వ అంచెలో మళ్లీ పట్టుకోవాలి.

మూడవది, కరెంటు పోవడం. పరికరం ఏ ప్యాకెట్టూ పంపలేదు. టీసీపీ కనెక్షన్‌లో మాటలేమీ లేనప్పుడు తనంతట తాను ఏదీ పంపదు కనుక, సర్వర్ కూడా ఏమీ పంపకపోతే ఆ కనెక్షన్ రోజుల తరబడి తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది. పచ్చగా కనిపిస్తోంది కానీ పని చేయడం లేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే.

నాలుగవది, మధ్యలో దారి తెగడం. మొబైల్ నెట్‌వర్క్‌లో పరికరానికి సొంత పబ్లిక్ చిరునామా సాధారణంగా ఉండదు; ఎన్నో పరికరాలు ఒకే చిరునామాను పంచుకుంటాయి, ఎవరి మాట ఎవరికి చేరాలో కంపెనీ వైపు నాట్ (చిరునామాల మార్పిడి) పట్టికలో రాసి ఉంటుంది. కొంతసేపు ఏ మాటా నడవకపోతే ఆ వరుసను పట్టికలోంచి తీసేస్తారు. పరికరం బాగుంది, సర్వర్ బాగుంది, ఇద్దరూ కనెక్షన్ ఉందనే అనుకుంటున్నారు, కానీ ఒకరి మాట ఒకరికి చేరదు. ఆర్‌ఎఫ్‌సీ 5382 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఈ గడువు 2 గంటల 4 నిమిషాలకు తగ్గకూడదని చెబుతుంది, అయితే అందరూ దాన్ని పాటిస్తారని నమ్మి డిజైన్ చేయకూడదు.

ఐదవది, ఊపిరి ఉండి మాట లేకపోవడం. ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుపోయింది, సెన్సార్ చదివే లూప్ ఆగిపోయింది, కానీ పరికరం కెర్నల్ మాత్రం నెట్‌వర్క్ పలకరింపులకు జవాబిస్తూనే ఉంది. కింది పొర ఆరోగ్యం చూసి పై పొర ఆరోగ్యాన్ని నమ్మేవారు ఇక్కడ మోసపోతారు.

ఆరవది మన వైపు లోపం. సర్వరే కాసేపు స్తంభించినప్పుడు, లేదా దాని నెట్‌వర్క్ తెగినప్పుడు, లోకమంతా పలకడం మానేసినట్టు దానికి అనిపిస్తుంది.

3. టీసీపీ కీప్‌అలైవ్ వేయండి, దాని మీదే ఆధారపడకండి

టీసీపీలోనే ఒక పలకరింపు ఉంది, దాని పేరు కీప్‌అలైవ్. ఇది ముందే వేసి ఉండదు; ప్రతి సాకెట్‌కూ మనమే అడగాలి. అడిగినా, లైనక్స్‌లో ముందుగా ఉండే అంకెలు మన పనికి రావు: 7200 సెకన్లు మౌనంగా ఉన్నాక మొదటి పలకరింపు వెళుతుంది, జవాబు రాకపోతే 75 సెకన్లకొకటి చొప్పున 9 సార్లు ప్రయత్నిస్తుంది. మొత్తం 7875 సెకన్లు, అంటే 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లు. అంతసేపట్లో చెరువు చేజారిపోతుంది.

సాకెట్ స్థాయిలో ఈ మూడు అంకెలనూ మార్చండి. మౌనం 60 సెకన్లు, మధ్య వ్యవధి 10 సెకన్లు, ప్రయత్నాలు 3 అని పెడితే 90 సెకన్లలో తేలుతుంది. యంత్రం మొత్తానికి సెట్టింగు మార్చడం కన్నా ఒక్కొక్క సాకెట్‌కు పెట్టడమే మంచిది, అదే యంత్రంలోని మిగతా సేవలకు ఇబ్బంది ఉండదు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. సర్వర్ ఏదైనా పంపి, దానికి రసీదు రాకుండా ఉన్నప్పుడు కీప్‌అలైవ్ పలకరింపులు నడవవు. అప్పుడు మళ్లీ మళ్లీ పంపే యంత్రాంగం నడుస్తుంది. లైనక్స్‌లో ఆ ప్రయత్నాల సంఖ్య 15, అన్నీ విఫలమై కనెక్షన్ మూతపడేసరికి సుమారు 924 సెకన్లు, పావుగంట దాటుతుంది. ఏరేటర్ ఆన్ చేయమని సర్వర్ ఆజ్ఞ పంపిన క్షణంలోనే పరికరం పోతే, 90 సెకన్ల కీప్‌అలైవ్ ఉన్నా పావుగంట దాకా తెలియదన్న మాట. దీనికి మందు టీసీపీ యూజర్ టైమవుట్ అనే మరో సాకెట్ ఆప్షన్. దాన్ని కూడా 90 సెకన్లకు పెట్టండి. అది మిల్లీసెకన్లలో తీసుకుంటుంది కనుక 90000 అని రాయాలి. 90 అని రాసి, కనెక్షన్లు ఊరికే తెగుతున్నాయని తలపట్టుకున్నవారిని చూశాను.

ఇంత చేసినా ఐదవ రకం మౌనం కీప్‌అలైవ్‌కు కనిపించదు. మధ్యలో ప్రాక్సీ ఉంటే మరీ పనికిరాదు, ఎందుకంటే సర్వర్ పలకరింపుకు జవాబిచ్చేది పక్కనే ఉన్న ప్రాక్సీ, చెరువు గట్టు మీది పరికరం కాదు.

4. పరికరం చేతే ఊ కొట్టించండి

అసలు పని ఇక్కడ ఉంది. పరికరంలో సెన్సార్ చదివే ప్రోగ్రామే, నెట్‌వర్క్ పొరలతో నిమిత్తం లేకుండా, నిర్ణీత వ్యవధిలో ఒక చిన్న సందేశం పంపాలి. దీన్నే హార్ట్‌బీట్ అంటారు.

ఎవరు పంపాలన్నది మొదటి ప్రశ్న. పరికరమే పంపి, సర్వర్ జవాబివ్వడం మేలు. నాట్ పట్టికలో వరుస నిలిచి ఉండాలంటే లోపలి నుంచి బయటికి మాట నడవడమే నమ్మకమైన దారి. పైగా జవాబు రాకపోతే దారి తెగిందని పరికరానికి కూడా తెలిసి, అదే మళ్లీ కనెక్ట్ అవుతుంది. తిరిగి కనెక్ట్ చేసే విషయంలో మాత్రం సర్వర్‌కు తెలిసి ప్రయోజనం లేదు. అది నాట్ అవతలి పరికరాన్ని తిరిగి పిలవలేదు.

ఎంక్యూటీటీ (చిన్న పరికరాలు సందేశాలు పంపే పద్ధతి) వాడేవారికి ఇందులో చాలా భాగం సిద్ధంగానే ఉంది. కనెక్ట్ అయ్యేటప్పుడు పరికరం కీప్ అలైవ్ వ్యవధిని సెకన్లలో చెబుతుంది. ఆ వ్యవధికి ఒకటిన్నర రెట్ల కాలం ఏ ప్యాకెట్టూ రాకపోతే బ్రోకర్ (సందేశాలను అందుకుని పంచే సర్వర్ ప్రోగ్రామ్) కనెక్షన్‌ను తెంచాలని ప్రమాణమే చెబుతుంది. 60 అని చెబితే 90 సెకన్లకు తెగుతుంది. సున్నా అని చెబితే ఈ తనిఖీయే ఉండదు, కొన్ని లైబ్రరీల నమూనా కోడ్‌లో ఏముందో తప్పక చూసుకోండి. అలాగే, రసీదు అడగని క్యూఓఎస్ 0 సందేశాలు మాత్రమే పంపే పరికరానికి బ్రోకర్ నుంచి ఎంక్యూటీటీ స్థాయిలో ఏ జవాబూ రాదు. అది తరచుగా పంపుతున్నంత కాలం పింగ్ అవసరం లేదని లైబ్రరీ అనుకోవచ్చు. అటువంటి చోట సెన్సార్ విలువనైనా క్యూఓఎస్ 1తో పంపి రసీదు కోసం ఎదురుచూడండి.

వెబ్‌సాకెట్‌లో (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచి ఉండే కనెక్షన్) పింగ్, పాంగ్ అనే పలకరింపు, జవాబు ఫ్రేములు ఉన్నాయి. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్‌కు పింగ్ పంపే వీలు లేదు, వచ్చిన పింగ్‌కు బ్రౌజరే పాంగ్ ఇస్తుంది. కాబట్టి రైతు ఫోనులో తెరిచిన డ్యాష్‌బోర్డ్‌ను సర్వరే పలకరించాలి. ఫోను జేబులోకి వెళ్లాక ఆ పేజీలోని టైమర్లు మందగిస్తాయి లేదా ఆగుతాయి. డ్యాష్‌బోర్డ్ మౌనాన్ని చెరువు మౌనంగా ఎప్పుడూ లెక్కించకండి.

హార్ట్‌బీట్‌లో ఏముండాలన్నది రెండవ ప్రశ్న. ఉత్త "ఉన్నాను" అన్న మాట చాలదు. నేను పెట్టించేవి ఇవి:

- సందేశ సంఖ్య, ప్రతిసారీ ఒకటి పెరిగేది. మధ్యలో ఎన్ని పోయాయో తెలుస్తుంది.
- పరికరం మొదలై ఎంతసేపైంది. ఇది హఠాత్తుగా చిన్నదైతే బోర్డు తిరిగి మొదలైందని అర్థం.
- సెన్సార్‌ను చివరిసారి నిజంగా చదివి ఎన్ని సెకన్లైంది.
- మెయిన్ కరెంటు ఉందా, బ్యాటరీ మీద నడుస్తోందా.
- ఏరేటర్ మోటార్లు కరెంటు తీసుకుంటున్నాయా.
- సిగ్నల్ బలం.

మూడవ అంశాన్ని వదలవద్దు. హార్ట్‌బీట్ పంపే పని ఒక థ్రెడ్‌లో, సెన్సార్ చదివే పని మరో థ్రెడ్‌లో ఉంటే, రెండవది ఇరుక్కుపోయినా మొదటిది హాయిగా ఊ కొడుతూనే ఉంటుంది. సెన్సార్ చదివిన వయసు అందులో ఉంటే సర్వర్ ఆ సంగతి పట్టుకోగలదు.

డేటా ఖర్చు గురించి భయపడనక్కర లేదు. ఎంక్యూటీటీ పింగ్ 2 బైట్లు, దాని జవాబు 2 బైట్లు. ఐపీ, టీసీపీ తలకట్లు కలిపి ఒక్కొక్కదానికి 40 బైట్లు చేరతాయి, చివరి రసీదుకు మరో 40. మొత్తం సుమారు 124 బైట్లు. నిమిషానికొకటి చొప్పున నెలకు అయిదున్నర ఎంబీలోపే. టీఎల్‌ఎస్ (మాటలను రహస్యంగా ఉంచే పొర), పై చెప్పిన వివరాలు కలిపినా కొన్ని రెట్లు పెరుగుతుంది తప్ప సిమ్ ప్లాన్‌కు బరువు కాదు.

5. వ్యవధి, గడువు నిర్ణయించండి

పంపే వ్యవధికి పై హద్దు దారిలోని అతి చిన్న మౌన గడువు. ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ ముందుగా 60 సెకన్ల రీడ్ టైమవుట్‌తో (అవతలి మాట కోసం ఎదురుచూసే గడువు) వస్తుంది. సరిగ్గా 60 సెకన్లకొక హార్ట్‌బీట్ పెట్టి దాని వెనుక నిలిస్తే కనెక్షన్లు ఏ క్రమమూ లేకుండా తెగుతుంటాయి. ప్రాక్సీ గడువును పెంచండి లేదా వ్యవధిని తగ్గించండి.

మొబైల్ నాట్ గడువును మీరే కొలవవచ్చు. పరికరం కనెక్ట్ అయ్యాక 1 నిమిషం మౌనంగా ఉంచి సర్వర్ నుంచి ఒక మాట పంపండి, చేరితే 2, 4, 8, 16 నిమిషాలు ఉంచి చూడండి. చేరడం ఆగిన చోటు మీ హద్దు. ఈ కొలత ప్రతి సిమ్ కంపెనీకీ విడిగా చేయాలి, భీమవరం పట్టణంలో ఆఫీసు బల్ల మీద కాక, పరికరం నిలిచే గట్టు మీదే చేయాలి.

రెండవ హద్దు 300 సెకన్ల లెక్క. నేను సూచించే అమరిక ఇది: వ్యవధి 60 సెకన్లు, 150 సెకన్లు దాటితే "అనుమానం", 240 సెకన్లు దాటితే "పలకడం లేదు", ఈ తనిఖీ 10 సెకన్లకొకసారి. అత్యంత ఆలస్యమైనా 250 సెకన్లకు తేలుతుంది, 300కు లోబడి ఉంది. వరుసగా మూడు ఊలు పోతే గానీ తీర్పు చెప్పము కనుక, వర్షానికి సిగ్నల్ కాసేపు సన్నగిల్లినా రైతును లేపము.

కనెక్షన్ తెగడం, పరికరం పలకకపోవడం ఒకటి కావన్నది ఈ అమరికలో గమనించండి. 90 సెకన్లకు బ్రోకర్ కనెక్షన్ తెంచవచ్చు, 100వ సెకనుకు పరికరం మళ్లీ కనెక్ట్ కావచ్చు. రైతుకు దాంతో పని లేదు. కనెక్షన్ తెగిన ప్రతిసారీ కబురు పంపే వ్యవస్థను నెల తిరగకుండానే ఎవరూ నమ్మరు.

6. సర్వర్‌లో చిట్టా రాయడం

ప్రతి పరికరానికి ఒక వరుస: పరికరం పేరు, ప్రస్తుత కనెక్షన్ సంఖ్య, చివరిగా విన్న సమయం, చివరి సందేశ సంఖ్య, స్థితి, ఫీడరు. ఏ సందేశం వచ్చినా, హార్ట్‌బీట్ కానివ్వండి, సెన్సార్ విలువ కానివ్వండి, చివరిగా విన్న సమయాన్ని మార్చాలి. ఆక్సిజన్ విలువ ఇప్పుడే పంపిన పరికరాన్ని, హార్ట్‌బీట్ రాలేదని చనిపోయినట్టు లెక్కించడం అన్యాయం.

సమయాన్ని పరికరం గడియారం నుంచి తీసుకోకండి. తిరిగి మొదలైన బోర్డు 1970లో ఉన్నాననుకోవచ్చు. సర్వర్ గోడ గడియారమూ (తేదీ, సమయం చూపేది) నమ్మదగినది కాదు, సమయం సరిచేసే సేవ దాన్ని ముందుకో వెనక్కో జరిపితే అన్ని పరికరాలూ ఒక్కసారే గడువు దాటినట్టు కనిపిస్తాయి. ఒకే ప్రాసెస్‌లో లెక్క అయితే వెనక్కి జరగని మోనోటోనిక్ గడియారం వాడండి. అది యంత్రానికీ యంత్రానికీ పోల్చదగినది కాదు కనుక, సర్వర్లు రెండు మూడు ఉంటే అవన్నీ చిట్టా నిల్వ ఉండే యంత్రం గడియారాన్నే ఆధారం చేసుకోవాలి.

రెడిస్ (మెమరీలో సమాచారం దాచే ప్రోగ్రామ్) వాడేవారు ప్రతి పరికరానికీ గడువున్న కీ పెట్టి, అది చెల్లిపోయినప్పుడు వచ్చే నోటిఫికేషన్ మీద ఆధారపడుతుంటారు. ఆ నోటిఫికేషన్ గడువు ముగిసిన క్షణంలో కాక, రెడిస్ ఆ కీని నిజంగా తొలగించినప్పుడు వస్తుంది, ఆ మధ్య ఆలస్యం ఉండవచ్చు. వినేవాడు ఆ సమయానికి లేకపోతే మళ్లీ రాదు. దానికన్నా, చివరిగా విన్న సమయాన్నే స్కోరుగా పెట్టి, స్కోరు క్రమంలో ఉండే జాబితా అయిన సార్టెడ్ సెట్‌లో దాచి, 10 సెకన్లకొకసారి గడువు దాటినవాటిని అడగడం ఎంతో నమ్మకం. ఆ ప్రశ్నకు వేల పరికరాలున్నా పట్టే సమయం స్వల్పం. ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క థ్రెడ్, ప్రతి ఊకూ డేటాబేస్‌లో ఒక రాత, ఈ రెండూ వద్దు. స్థితి మారినప్పుడు మాత్రమే డేటాబేస్‌లో రాయండి.

ఇప్పుడు ఒకే పరికరానికి రెండు కనెక్షన్ల సంగతి. బోర్డు తిరిగి మొదలై కొత్త కనెక్షన్ తెరిచింది, సర్వర్ "పలుకుతోంది" అని రాసింది. ఒక నిమిషం తరువాత పాత కనెక్షన్ గడువు ముగిసి మూతపడింది, దాన్ని చూసే కోడ్ "పోయింది" అని రాసింది. పరికరం బాగా ఉంది, చిట్టా తప్పు చెబుతోంది. ఈ తప్పు నేనే చేశాను, కారణం పట్టుకోవడానికి వారం పట్టింది. ప్రతి కొత్త కనెక్షన్‌కూ పెరిగే సంఖ్య ఇచ్చి, మూసే కోడ్ తన సంఖ్య చిట్టాలోని ప్రస్తుత సంఖ్యతో సరిపోతేనే స్థితి మార్చాలన్న నిబంధన పెడితే ఇది తీరిపోతుంది. ఎంక్యూటీటీలో ఒకే క్లయింట్ పేరుతో రెండవ కనెక్షన్ వస్తే బ్రోకర్ మొదటిదాన్ని తెంచుతుంది. దీనికే మరో ముఖం ఉంది: రెండు పరికరాలకు పొరపాటున ఒకే పేరు పెడితే అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, రెండూ నిమిషానికి పదిసార్లు పోయి వస్తున్నట్టు కనిపిస్తుంది.

సర్వర్ తిరిగి మొదలైనప్పుడు అన్ని పరికరాలనూ "తెలియదు" అన్న స్థితిలో ఉంచి, ఒక పూర్తి గడువు, అంటే 240 సెకన్లు గడిచే దాకా ఎవరి మీదా తీర్పు చెప్పకండి. అలాగే తనిఖీ చేసే ప్రోగ్రామ్ తన గత విడతకూ ఈ విడతకూ మధ్య ఎంత గడిచిందో చూసుకోవాలి. 10 సెకన్లు కావలసినది 100 సెకన్లైతే స్తంభించినది తానే. గుర్తించిన క్షణం నుంచి రెండు హార్ట్‌బీట్ వ్యవధులు ఆగి మళ్లీ చూడాలి.

7. అందరూ ఒక్కసారే మాయమైనప్పుడు

వాయుగుండం పట్టిన రాత్రి ఒక ఫీడరు పోతే దాని కింది చెరువులన్నీ ఒకే నిమిషంలో పలకడం మానేస్తాయి. అరవై పరికరాలకు అరవై వేరు కబుర్లు పంపితే ఎవరూ చదవలేరు. తీర్పు చెప్పే ముందు అదే ఫీడరులో, అదే సిమ్ కంపెనీలో ఇంకెన్ని మౌనంగా ఉన్నాయో చూడండి. ఫీడరు వారీగా పోతే కరెంటు, సిమ్ కంపెనీ వారీగా పోతే సిగ్నల్, రెండూ కాకుండా అన్నీ పోతే మన సర్వర్ అని మొదటి అంచనా వేసుకోవచ్చు. సహాయక సిబ్బందికి ఒక్క సారాంశం వెళ్లాలి. అయితే రైతుకు ఆయన చెరువు కబురు మాత్రం విడిగానే వెళ్లాలి. ఊరంతటికీ కరెంటు పోయినా ఆయన జనరేటర్ ఆయనే వేసుకోవాలి.

పరికరం మీద అదనంగా డబ్బు పెట్టగలిగితే చిన్న బ్యాటరీ మీద పెట్టండి. మెయిన్ కరెంటు పోయిన క్షణంలో "కరెంటు పోయింది, బ్యాటరీ మీద ఉన్నాను" అని పరికరమే చెప్పగలిగితే 240 సెకన్ల ఊహాగానం 2 సెకన్ల వార్తగా మారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత తెలివి చూపినా దీనికి సాటి రాదు. ఎంక్యూటీటీలోని విల్ సందేశాన్ని దీనికి బదులుగా భావించకండి: అది పరికరం ముందే రాసి బ్రోకర్ దగ్గర ఉంచిన వీలునామా, కరెంటు పోయినప్పుడు బ్రోకర్ గడువు ముగిశాకే బయటికి వస్తుంది.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు మరో చిక్కు. అన్ని పరికరాలూ ఒకే సెకనులో కనెక్ట్ కావడానికి ఎగబడితే టీఎల్‌ఎస్ కరచాలనాల బరువుకు సర్వర్ కుంగుతుంది, కొన్ని విఫలమై వెంటనే మళ్లీ ప్రయత్నిస్తాయి, కుంగుబాటు పెరుగుతుంది. పరికరం మొదలవగానే 0 నుంచి 30 సెకన్ల మధ్య ఏదో ఒక యాదృచ్ఛిక సమయం ఆగాలి. 600 పరికరాలైతే సెకనుకు 20 చొప్పున వస్తాయి. విఫలమైతే 2, 4, 8 సెకన్లుగా పెంచుతూ, దానికీ కొంత యాదృచ్ఛికత కలుపుతూ, 60 సెకన్ల దగ్గర ఆపాలి. కొన్ని నమూనాల్లో ఈ పై హద్దు 10 నిమిషాలుంటుంది. అది మన 300 సెకన్ల లెక్కను పాడు చేస్తుంది.

8. రైతుకు ఏ మాటల్లో చెప్పాలి

"ఏరేటర్లు ఆగిపోయాయి" అన్న మాట పరికరం స్వయంగా చెబితేనే వాడండి. మౌనం వల్ల మనకు తెలిసింది "మీ 3వ నంబరు చెరువు పరికరం తెల్లవారుజామున 3:12 నుంచి పలకడం లేదండి, చివరిసారి కరెంటు ఉంది, ఆక్సిజన్ 4.6" అన్నంత వరకే. అంతే చెప్పండి. వెళ్లాలో, కాపలా మనిషికి ఫోను చేసి అడగాలో రైతు తేల్చుకుంటారు.

డ్యాష్‌బోర్డ్‌లో పాత ఆక్సిజన్ విలువను కొత్తదానిలా చూపించవద్దు. పక్కనే "6 నిమిషాల క్రితం" అని రాసి, గడువు దాటగానే అంకెను బూడిద రంగులోకి మార్చండి. అరగంట దాటితే అంకెను తీసేసి గీత పెట్టండి.

రాత్రి పూట ఎస్సెమ్మెస్ చాలదు, ఫోను మోగాలి. ఎత్తకపోతే 2 నిమిషాలకు రెండవ నంబరు. పరికరం తిరిగి పలికితే వెంటనే "బాగైంది" అనకుండా వరుసగా మూడు హార్ట్‌బీట్లు వచ్చాక చెప్పండి, లేకపోతే సిగ్నల్ ఊగిసలాడే చోట ఫోను రాత్రంతా మోగుతుంది.

9. పరీక్షించే వరుస

ప్రోగ్రామ్‌ను మామూలుగా ఆపి, సర్వర్‌కు తెలిసిందని సంతోషించడం పరీక్ష కాదు, ఎందుకంటే అది మొదటి రకం మౌనం మాత్రమే. ఆరు రకాలనూ సృష్టించాలి.

- పరికరం ప్లగ్గు, బ్యాటరీ రెండూ లాగేయండి. 250 సెకన్ల లోపు తీర్పు రావాలి.
- ప్లగ్గు మాత్రమే లాగండి. "బ్యాటరీ మీద ఉన్నాను" అన్న మాట సెకన్లలో రావాలి.
- ఫైర్‌వాల్‌లో ఆ పరికరం ప్యాకెట్లను జవాబివ్వకుండా జారవిడిచే నిబంధన పెట్టండి. తిరస్కరించే నిబంధన పెడితే దానికి జవాబు వెళ్లిపోతుంది, పరీక్ష చెల్లదు.
- పరికరంలో ప్రోగ్రామ్‌ను చంపకుండా స్తంభింపజేసే సంకేతం పంపండి. కీప్‌అలైవ్‌కు జవాబు వస్తూనే ఉంటుంది, హార్ట్‌బీట్ ఆగాలి, తీర్పు రావాలి.
- సెన్సార్ తీగ పీకండి. పరికరం పలుకుతోందనే ఉండాలి, సెన్సార్ చదివిన వయసు పెరుగుతోందని వేరే హెచ్చరిక రావాలి.
- బోర్డును వెంటవెంటనే మూడుసార్లు రీస్టార్ట్ చేయండి. అయిదు నిమిషాల తరువాత కూడా చిట్టాలో "పలుకుతోంది" అనే ఉండాలి.
- సర్వర్ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేయండి. ఒక్క కబురు కూడా వెళ్లకూడదు.
- పరీక్ష సర్వర్ గోడ గడియారాన్ని ఒక గంట ముందుకు జరపండి. ఏమీ జరగకూడదు.

ఇవన్నీ నెగ్గాక తనిఖీ ప్రోగ్రామ్‌నే ఆపి చూడండి. అది ఆగిపోతే ఏ చెరువు మౌనమూ ఎవరికీ తెలియదు, అంతా ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటుంది. అందుకే ఆ ప్రోగ్రామ్ కూడా ప్రతి విడతకూ, వేరే చోట నడిచే మరో చిన్న సేవకు ఊ కొట్టాలి; అది ఆగితే మీ ఫోను మోగాలి.

ఆఖరి పరీక్ష చెరువు దగ్గరే చేయాలి. పరికరాన్ని ప్యానెల్ బోర్డులో బిగించి, మూత వేసి, రైతు పక్కన ఉండగా ప్లగ్గు, బ్యాటరీ లాగేసి గట్టు మీద కూర్చోండి. నాలుగు నిమిషాలు దాటాక ఆయన జేబులో ఫోను మోగాలి, అందులో ఆయన చెరువు నంబరు సరిగ్గా పలకాలి. మళ్లీ ప్లగ్గు పెట్టి, మూడు ఊలు వచ్చి స్థితి పచ్చగా మారేదాకా ఉండి, అప్పుడు బండి తీయండి.